పౌడరు లేని ఫొటోలు

మార్చి 3

చెల్లీ,

ఇన్నేళ్ల తర్వాత నా చేతిరాత చూసి ఎవరో పోయారనుకుని ఉంటావు. ఎవరూ పోలేదు. ఫోన్ చేద్దామనుకున్నాను కానీ మన సంగతి తెలిసిందే కదా, క్షేమసమాచారాలు పూర్తయ్యేలోపే కొట్లాట మొదలవుతుంది, ఎవరో ఒకరం ఫోన్ పెట్టేస్తాం. కాగితం మీదైతే నేను చెప్పదలుచుకున్నది చివరిదాకా చెప్పొచ్చు.

కళ్లజోళ్ల షాపు మానేశాను. ఇప్పుడు ఒక క్లినిక్‌లో రిసెప్షన్ కౌంటర్ నాది. జ్వరాలూ దగ్గులూ చూసే క్లినిక్ కాదు, ముఖాలు చూసేది. వయసుతో జారిన చెంపలు, వదులైపోయిన మెడలు ఇక్కడ సరిచేస్తారు. కింది అంతస్తులో డాక్టరమ్మ ఆపరేషన్లు చేస్తుంది. ఆవిడ మాట తక్కువ, చెయ్యి గొప్పది. పై అంతస్తులో మా ఓనరుగారు కొత్తగా ఇంజెక్షన్ల గది తెరిచారు. మన రక్తంలోంచే ఏవో కణాలు తీసి మళ్లీ మన ముఖంలోకే ఎక్కిస్తే చర్మం తిరిగి పడుచుదవుతుందట.

ఇక్కడికొచ్చే వాళ్లని చూస్తే నీకు నవ్వాగదు. అందరికీ నల్లకళ్లద్దాలు, తలకి స్కార్ఫు. మొన్న ఒకావిడ వచ్చి కూర్చుంటే ఎదురు కుర్చీలో ఆవిడ తోటికోడలే ఉంది. ఇద్దరూ పత్రికలు అడ్డం పెట్టుకుని గంటసేపు ఒకరినొకరు చూడనట్టే కూర్చున్నారు. ఒకావిడ పత్రిక తలకిందులుగా ఉంది.

సరే గానీ, నీ ఫొటోలు కొన్ని పంపు. పౌడరు రాసుకోకు. జుట్టు వెనక్కి లాగి కట్టు. ఎదురుగా ఒకటి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, గడ్డం కిందికి దించి ఒకటి. కిటికీ పక్కన నిలబడి తీయించుకో. నవ్వకు. ఎందుకంటావా, ఊరికే. చూడాలనిపించింది.

నీ అక్క


మార్చి 11

అక్కా,

చూడాలనిపించిన వాళ్లు నవ్వమంటారు. నవ్వకుండా, పక్కనుంచి, గడ్డం దించి ఫొటోలు తీసేది పోలీసులు.

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ ఆలోచిస్తున్నాను. నాకేమైనా సంబంధం చూస్తున్నావా? మా ఆయన పోయాక నా మానాన నేను హాయిగా ఉన్నాను, ఆ పని పెట్టుకోకు. కానీ సంబంధాలకైతే పౌడరు దట్టంగా రాయమంటావు, కనుక అది కాదు. మరి నా ముఖంతో నీకేం పని? మనం కవలలం కదా అని ఎక్కడైనా నీ బదులు నన్ను నిలబెడుతున్నావా? అనుమానం ఊరికే రాదు. చిన్నప్పుడు నీకు భయమేసి నీ బదులు నన్ను పళ్ల డాక్టరు దగ్గరికి పంపావు. ఆయన నా మంచి పన్ను పీకేశాడు. ఆ సందు ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంకో మాట. నా ముఖం ఇప్పుడు నీ ముఖం కాదు. నువ్వు ఎప్పుడూ గాజు తలుపుల వెనక, చల్లగా, నీడపట్టున కూర్చున్నావు. నేను స్విమ్మింగ్ పూల్ గట్టు మీద ఎండలో నిలబడి బతికాను. క్లోరిన్ నీళ్లలో నాని నాని చర్మం పాత తోలు సంచిలా అయింది. విజిల్ ఊదీ ఊదీ మూతి చుట్టూ గీతలు పడ్డాయి. మెడ సంగతి చెప్పనే చెప్పను.

పెద్దవాళ్ల బ్యాచ్‌లో కొత్తగా ఒకావిడ చేరింది. బ్యాంకు మేనేజరుగా రిటైరైంది. అందరం బ్యాంకమ్మ అంటాం. నీళ్లలో దిగుతుంది గానీ గోడ వదలదు. గోడ పట్టుకునే ఊళ్లో విషయాలన్నీ ఆరా తీస్తుంది. నీ ఉత్తరం గురించి చెప్పాను. "ఏదో ఉంది టీచర్, మీ అక్క దాస్తోంది" అంది. నాకూ అదే అనిపించింది.

ఫొటోలు పంపడం లేదు. ముందు ఎందుకో చెప్పు.

నీకంటే పది నిమిషాలు చిన్నది


మార్చి 19

ఒసేయ్,

నాలుగు ఫొటోలు అడిగితే పన్ను దాకా వెళ్లావు. ఆ పన్ను ఎలాగూ పుచ్చిపోయేదే.

మన ఇంటి సంగతి బయటివాళ్లకి చెప్పకు. గోడ పట్టుకుని వేలాడే వాళ్లకి అసలే చెప్పకు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. నిన్న డాక్టరమ్మ ఒకావిడకి చెంపలూ మెడా కలిపి ఆపరేషన్ చేసింది. నేను అనుకునేదాన్ని, చర్మం పట్టుకుని దుప్పటి లాగినట్టు చెవుల వెనక్కి లాగి కుట్టేస్తారేమోనని. అలా లాగితే ముఖం గాలికి ఎదురు నిలబడ్డట్టు ఉంటుందట, నాలుగు రోజులకి మళ్లీ జారుతుందట. చర్మం కింద ఇంకో పొర ఉంటుంది, జారేది అది. దాన్ని ఎత్తి పైన బిగించి కుట్టి, చర్మాన్ని ఊరికే దాని మీద పరుస్తుంది. మెడలో తీగల్లా లేచిన కండరాలని మధ్యకి తెచ్చి కలుపుతుంది. ఇంటికి వెళ్లేటప్పుడు ఆవిడ ముఖం ఉబ్బి, కమిలి, కట్లతో ఉంది. భర్త గుమ్మంలో నిలబడి "మా ఆవిడేనా?" అని నన్నడిగాడు. పాపం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను.

నీ ఫొటోలు నాకు అవసరం. సరదాకి అడగడం లేదు. కారణం ఇప్పుడు చెప్పలేను. ఎప్పుడైనా ఎదురుగా కూర్చున్నప్పుడు చెప్తాను. అడుగుతోంది అక్క అనుకుని పంపు.

నీ అక్క


మార్చి 28

అక్కా,

ఈ ఉత్తరం గబగబా రాస్తున్నాను, అక్షరాలు కుదరకపోతే సర్దుకుని చదువుకో.

నీ ఉత్తరం బ్యాంకమ్మకి చూపించాను. వద్దన్నావని తెలుసు, అయినా చూపించాను. రెండుసార్లు చదివి గోడ వదిలేసింది. నిజంగానే రెండు చేతులూ వదిలేసింది, నేను పట్టుకోవాల్సి వచ్చింది. "టీచర్, మీ అక్క ముఖానికి ఏదో అయింది. గడ్డో, కాలడమో. డాక్టరుకి అసలు ముఖం ఎలా ఉండేదో తెలియాలి కదా, కవల చెల్లెలి ఫొటోలు అడుగుతున్నారు" అంది.

అంతే, నాకు అన్నీ అర్థమయ్యాయి. నవ్వొద్దన్నావు. అవసరం అన్నావు. చెప్పలేనన్నావు. ఆ క్లినిక్‌లో నువ్వు ఉద్యోగం చేయడం లేదు, మంచం మీద ఉన్నావు. అంతేనా?

నేనేమో పన్ను గురించి రాశాను.

ఫొటోలు ఇందులో పెట్టాను. పౌడరు రాసుకోలేదు, కిటికీ పక్కనే తీయించాను. నా ముఖం ఎండకి పాడైంది, కానీ లోపలి ఎముకలు నీవే కదా, డాక్టరమ్మకి పనికొస్తాయేమో. ఇంకో మాట చెప్పమను ఆవిడకి. చర్మం కావాలంటే నా దగ్గర తీసుకోమను. వీపు మీద ఎండ తగలని చోట బాగానే ఉంది, తొడ మీద ఇంకా బాగుంటుంది. కవలల చర్మం ఒకరిది ఒకరికి అతుక్కుంటుందట, బ్యాంకమ్మ ఎక్కడో చదివింది. నాకు కత్తి భయం లేదు. పళ్ల డాక్టరు దగ్గరే పోయింది.

ఒక్క ముక్క రాయి. ఏమైంది?

నీ చెల్లి


ఏప్రిల్ 6

చెల్లీ,

ఫొటోలు అందాయి. బాగా వచ్చాయి.

నువ్వు కంగారు పడకు. నేను బాగానే ఉన్నాను, ఇంకా బాగుంటాను. అన్నీ ఇప్పుడే అడగకు. నీ మంచి మనసు నాకు తెలుసు.

ఎండలో టోపీ పెట్టుకుంటున్నావా?

అక్క


ఏప్రిల్ 14

అక్కా,

ఇంత చిన్న ఉత్తరం నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ రాయలేదు. నాలుగు లైన్లకే అలిసిపోయావంటే ఎంత నీరసంగా ఉన్నావో.

"ఇంకా బాగుంటాను" అన్నావు, అంటే ఇప్పుడు బాగాలేనట్టే కదా. పూల్‌లో సెలవు అడిగాను. వేసవి పిల్లల బ్యాచ్‌లు మొదలైనా సరే, పర్వాలేదు, ఇంకో కోచ్‌ని ఒప్పించాను. రైలు టికెట్ కొంటున్నాను. నీకు ఒంటిచేత్తో వంటా అదీ ఎలా అవుతుంది? నేనొచ్చి చూసుకుంటాను. ముఖం ఎలా ఉన్నా నాకు దాచక్కర్లేదు. అద్దంలో చూసుకున్నట్టే కదా నాకు.

చెల్లి


ఏప్రిల్ 20

చెల్లీ,

వద్దు. రాకు. టికెట్ కొనుంటే వెనక్కి ఇచ్చెయ్.

డాక్టరమ్మ ఇప్పుడు ఎవరినీ రానివ్వద్దంది. ఇన్ఫెక్షన్ల భయం. నాకు ఒంటరిగా ఉండటమే మంచిదట. తర్వాత నేనే కబురు చేస్తాను. పిల్లల క్లాసులు పాడుచేసుకోకు.

నువ్వు పంపినవి చాలా ఉపయోగపడ్డాయి. అంతకంటే నేను రాయలేను.

అక్క


మే 17

ఇన్ఫెక్షన్ అన్నావు.

కిందటి వారం పూల్‌కి వెళ్తే ఆడవాళ్లందరూ నన్ను వింతగా చూశారు. ఒకావిడ నా మెడ వైపు, ఇంకొకావిడ నా కళ్ల కింద. చివరికి ఒకమ్మాయి ఉండబట్టలేక అడిగింది, "టీచర్, అంత బాగా వచ్చింది కదా, అప్పుడే మళ్లీ ఇలా అయిపోయిందేంటి?" అని. ఏది బాగా వచ్చిందే అంటే ఫోన్ తీసి చూపించింది.

ఎడమవైపు నేను. పౌడరు లేకుండా, నవ్వకుండా, మా కిటికీ పక్కన. కింద "ముందు" అని రాసి ఉంది. కుడివైపు నువ్వు. మచ్చలేని చెంపలతో, నున్నటి మెడతో. కింద "తరువాత" అని. కత్తి లేకుండా, కుట్లు లేకుండా, కేవలం ఇంజెక్షన్లతో అట. నీ చెవి కింద పుట్టుమచ్చని చెరిపేశారు. చెరిపిన చోట కాస్త అలికినట్టు ఉంది. నువ్వు ఏ మంచం మీదా లేవు. నీ ముఖానికి ఏ గడ్డా లేదు. నీకు సూది కూడా గుచ్చలేదని పందెం కడతాను. నీడలో కూర్చున్న దాన్ని, ఎండలో నిలబడ్డ దాన్ని పక్కపక్కన పెట్టి ఒకే మనిషి అన్నారు.

నేను నీకు నా వీపు చర్మం ఇస్తానన్నాను. ఆ ఉత్తరం చదివి కూడా ఆ ఫొటోలు తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టావు.

సరే, నా సంగతి వదిలెయ్. ఈ ఊళ్లో ఒక హోటల్ గదిలో మీ వాళ్లు క్యాంపు పెట్టారు. బ్యాంకమ్మ వెళ్లింది. నాకు చెప్పలేదు. "మీరు దాచిపెట్టారు కదా, నేనూ దాచాను" అంది. నేను రహస్యంగా ముఖం బాగుచేయించుకుని ఆవిడకి చెప్పలేదని అలిగిందట. దవడ దగ్గర సూది పొడిచిన చోట నిమ్మకాయంత వాచింది. ఎర్రగా, వేడిగా ఉంది. నోరు తెరవలేకపోతోంది. ఆ హోటల్‌కి వెళ్తే గది ఖాళీ. నెంబరుకి ఫోన్ చేస్తే ఎత్తరు.

టీచర్ ముఖం చూసి నమ్మానంటోంది. నా ముఖం చూసి.

నీకు సంతకం పెట్టి రాయాలని లేదు.


మే 24

చెల్లీ,

తిట్టు. తిట్టాల్సిందే. కానీ నా వైపు నుంచి కూడా విను.

మా ఓనరుగారు ఒక రోజు పిలిచి, "మన దగ్గర కౌంటర్లో కూర్చునే ముఖమే మన బోర్డు, ఒక చిన్నమ్మాయిని పెడదామనుకుంటున్నాను" అన్నారు. నాకు ఈ ఉద్యోగం తప్ప ఏముంది? మొగుడా, పిల్లలా? మాటల్లో నాకో కవల చెల్లెలుందనీ, ఎండలో పనిచేస్తుందనీ చెప్పాను. ఆయన కళ్లు మెరిశాయి. నిన్ను బాధపెట్టే ఉద్దేశం నాకు లేదు. మీ ఊరి వైపు ఈ ప్రకటన వెళ్లదని ఆయన మాటిచ్చారు.

నువ్వు నాకు జబ్బు అనుకుంటున్నావని చదివినప్పుడు నిజం రాద్దామనే కూర్చున్నాను. రాస్తే ఫొటోలు వెనక్కి అడుగుతావని భయమేసింది. ఆ చిన్న ఉత్తరం అందుకే చిన్నది.

ఇంకో సంగతి చెప్తే అసహ్యించుకుంటావు. పైకి వెళ్లే వాళ్లు కౌంటర్ దగ్గర ఆగి, "ఆ 'తరువాత' మీరేనా?" అని అడుగుతున్నారు. ఇంత వయసొచ్చాక మొదటిసారి మనుషులు నన్ను ఆగి చూస్తున్నారు. అది నాకు బాగుంది. బాగుందని చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఇక మీ బ్యాంకమ్మ సంగతి. ఆవిడకి మా ఇంజెక్షనే ఇచ్చారని ఏమిటి నమ్మకం? మా పేరు చెప్పుకుని ఎవరో పెట్టిన క్యాంపేమో. అసలు ఆవిడకి వాపు వచ్చిందా, లేక నా మీద కోపంతో నువ్వే కల్పించి రాస్తున్నావా? నాకంటే ముసలిదానిలా కనిపిస్తున్నావని ఆ ఫొటో చూసి నీకు కుళ్లు పుట్టలేదా, నిజం చెప్పు.

ఎవరికీ చెప్పకు. నేను మెల్లగా ఆ ఫొటో తీయించేస్తాను.

అక్క


జూన్ 9

అక్కా,

నమ్మకం కావాలన్నావు కదా, తీసుకొచ్చాను.

నేనూ బ్యాంకమ్మా మీ క్లినిక్‌కి వచ్చింది నీకు తెలుసు. గాజు తలుపు తోసేసరికి కౌంటర్ ఖాళీ. కప్పులో టీ పొగలు కక్కుతోంది. కుర్చీ ఇంకా తిరుగుతోంది. వెనక తలుపు నుంచి ఎంత త్వరగా పారిపోయావే! ఈతలో ఆ వేగం ఉంటే నిన్ను పోటీలకి పంపేదాన్ని.

పిలవలేదు, అరవలేదు. పై అంతస్తుకి వెళ్లాం. అక్కడ వెయిటింగ్ గదిలో గోడ నిండా మన పోస్టరు. దాని కింద సోఫాలో నేను కూర్చున్నాను. పక్కన బ్యాంకమ్మ, మా ఊరి డాక్టరు మందులకి వాపు తగ్గక దవడకి గుడ్డ కట్టుకుని. చుట్టూ అయిదారుగురు ఆడవాళ్లు. ముందు ఒకావిడ నల్లకళ్లద్దాలు పైకెత్తింది. నన్ను చూసింది, పోస్టరు చూసింది, మళ్లీ నన్ను చూసింది.

"మీరు... ఆవిడే కదూ?" అంది.

"ఎడమవైపుది నేనే" అన్నాను.

"మరి కుడివైపు?"

"మా అక్క. ఇద్దరం కవలలం."

అందరూ ఒక్కొక్కరే సంచులు సర్దుకుని లేచారు. అప్పుడు మీ ఓనరుగారు వచ్చాడు. "ఎవరమ్మా మీరు, అపాయింట్‌మెంట్ ఉందా?" అన్నాడు గట్టిగా. బ్యాంకమ్మ గుడ్డ విప్పింది. అంతే, ఆయన గొంతు తగ్గింది. "లోపల మాట్లాడుకుందాం రండి" అన్నాడు. ఆవిడ నోరు పూర్తిగా తెరవలేక పళ్ల మధ్య నుంచే, "ఇక్కడే మాట్లాడుకుందాం" అంది. ఆ బ్యాంకులో అప్పులెగ్గొట్టిన వాళ్లు ఎందుకు భయపడేవారో నాకు అప్పుడు తెలిసింది.

ఈ గొడవకి కింద నుంచి డాక్టరమ్మ పైకొచ్చింది. నువ్వు రాసినట్టే ఉంది, మాట తక్కువ. ముందు బ్యాంకమ్మ దవడ చూసింది. చూడగానే ఆపరేషన్ గది సిద్ధం చేయమని నర్సుకి చెప్పింది. లోపల చీము పట్టిందట, ఇంకా ఆలస్యమైతే ప్రమాదమేనట. తర్వాత నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. చెవుల వెనక, ముందు, వేళ్లతో తడిమింది. పోస్టరు వైపు తిరిగి చాలాసేపు చూసింది.

"ఈ ముఖానికి ఎవరూ కత్తి పెట్టలేదు, సూదీ పెట్టలేదు" అంది.

"ఆ ముఖానికీ అంతేనండి" అన్నాను.

ఓనరు వైపు ఒక్కసారి చూసి, "నాకు మీరు చెప్పింది ఇది కాదు" అంది. నిజంగా తెలియదా, తెలిసీ కళ్లు మూసుకుందా అనేది నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. బ్యాంకమ్మ మాత్రం తెలియదనే అంటోంది. చీము తీసిన చెయ్యి కదా, ఆవిడకి అలాగే ఉంటుంది.

సాయంత్రం బ్యాంకమ్మ మత్తులో నిద్రపోతుంటే నేను డాక్టరమ్మ గదిలో కూర్చున్నాను. అక్కా, నవ్వకు. నేనొక ప్రశ్న అడిగాను. "నా ముఖాన్ని మీరైతే ఏం చేస్తారు?" అని.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. మచ్చలూ ముడతలూ చాలావరకు ఎండ పనట, పైపై చికిత్సలతో కొంత తగ్గుతాయి, పూర్తిగా పోవు. మెడ మాత్రం లోపలి పొర జారడం వల్ల, దానికి కత్తే. "మరి ఆ ఇంజెక్షన్లు?" అన్నాను. శుభ్రంగా, తెలిసినవాళ్లు చేస్తే చర్మానికి కాస్త నిగారింపు రావచ్చు, జారిన మెడని లేపడం వాటి వల్ల కాదు, అలా లేపుతామన్న వాళ్లని నమ్మొద్దు అంది. అద్దం ఇచ్చి, తన రెండు వేళ్లతో నా మెడని చెవుల వైపు మెల్లగా ఎత్తి పట్టుకుంది. అద్దంలో నువ్వు కనిపించావు.

నాకు ఆశ పుట్టింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? "నీకు కుళ్లు" అని రాశావు, కాస్త నిజమే. ఆవిడ వేళ్లు తీసేసింది, మెడ యథాస్థానానికి వచ్చింది. నెలల తరబడి ఎండా నీళ్లూ వద్దంటారని తెలిసి వద్దనుకున్నాను. లేకపోతే ఒప్పుకునేదాన్నేమో.

కానీ నాకు ఎక్కడ మండిందో తెలుసా? ముసలిదానిలా కనిపించినందుకు కాదు. నా ముఖం చూసి నువ్వు "దీన్ని చూస్తే ఎవరైనా భయపడి ఇంజెక్షన్ వేయించుకుంటారు" అని లెక్కవేసుకున్నందుకు.

చెల్లి


జూన్ 18

చెల్లీ,

నేను వెనక సందులో చెత్తడబ్బాల పక్కన నిలబడ్డాను. మీరు వెళ్లేదాకా అక్కడే ఉన్నాను. పైకి వద్దామని రెండు మూడుసార్లు మెట్ల దాకా వచ్చాను. మళ్లీ వెనక్కే వెళ్లాను.

మర్నాడు ఓనరుగారు పిలిచారు. "ఎవరైనా అడిగితే ఆవిడ మతిస్థిమితం లేని మనిషి అని చెప్పు, నీకు చెల్లెలే లేదని చెప్పు" అన్నారు. సరేనండీ అన్నాను. నేను ఎలాంటిదాన్నో నీకు తెలుసు, ఎదురు చెప్పడం నాకు రాదు. కౌంటర్ దగ్గరికి వచ్చి కూర్చున్నాను. మొదటి ఫోన్ వచ్చింది. ఒకావిడ, "నిన్న అక్కడ ఎవరో గొడవ చేశారట, ఆ ఫొటో ఒక మనిషిదేనా, ఇద్దరిదా?" అని అడిగింది. ఆయన చెప్పింది చెప్దామనే నోరు తెరిచాను. "ఇద్దరిదండీ. రెండోది నేను. మొదటిది మా చెల్లెలు. నాకు ఏ ఇంజెక్షనూ వేయలేదు" అన్నాను. నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఒకసారి వచ్చాక ఇక ఆగలేదు. అడిగిన వాళ్లందరికీ అదే చెప్తున్నాను.

డాక్టరమ్మ ఆ పోస్టరుని తన చేత్తోనే గోడ నుంచి పీకేసింది. ఆవిడ ఇక్కడ ఉంటుందో వెళ్లిపోతుందో తెలియదు. ఓనరుగారు పై గదికి తాళం వేశారు, కానీ ఆయన్ని నమ్మడానికి లేదు, ఇంకో ఊళ్లో ఇంకో పేరుతో తెరుస్తారని నర్సులు అనుకుంటున్నారు. నన్ను నెలాఖరుదాకా ఉండి వెళ్లిపొమ్మన్నారు. ఈ కుర్చీలో కూర్చోవడానికి ఇంకా ఎవరూ దొరకలేదు, అందుకే ఆ గడువు.

మీ బ్యాంకమ్మ మీద అనుమానపడినందుకు క్షమాపణ చెప్పు. ఎలా ఉంది ఆవిడకి? మచ్చ పడుతుందా?

నిన్ను క్షమించమని అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు. అడగకుండానే ఆపేస్తున్నాను.

అక్క


జూన్ 30

అక్కా,

నీ ఉత్తరం చదివి నేను నమ్మలేదు. "నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు" అంటే నాకు నవ్వొచ్చింది. నీ నోట్లోంచి నీకు తెలియకుండా ఏదీ రాదు. నన్ను మెత్తబరచడానికి రాశావనుకున్నాను.

అందుకని ఫోన్ చేశాను. మొన్న గొంతు మార్చి, ముక్కుతో మాట్లాడుతూ, "ఏవండీ, ఆ ఇంజెక్షన్ల గురించి కనుక్కుందామని" అన్నది నేనే. నువ్వు ఉత్తరంలో రాసినట్టే చెప్పావు. ఫోన్ పెట్టేశాక మళ్లీ అనుమానం. నా గొంతు నువ్వు గుర్తుపట్టావేమో, గుర్తుపట్టి కావాలనే అలా చెప్పావేమో.

అందుకని నిన్న బ్యాంకమ్మ చేత చేయించాను. ఆవిడ గొంతు నువ్వు ఎప్పుడూ వినలేదు. స్పీకర్ పెట్టి పూల్ ఆఫీసులో పక్కనే కూర్చున్నాను. తన పేరు చెప్పొద్దనీ, గట్టిగా నాలుగు తిట్టాలనీ ఆవిడ ముందే అనుకుంది. దవడ మీద కుట్లింకా పచ్చిగానే ఉన్నాయి, మచ్చ పడుతుందట, అందుకని తిట్లు కూడా బాగానే పోగేసుకుంది. "ఆ మొదటి ఫొటోలో ముసలావిడ ఎవరండీ?" అని అడిగింది.

నువ్వు, "ముసలావిడ కాదండీ. నా వయసే. మా చెల్లెలు. ఈత నేర్పిస్తుంది. నాకు జబ్బు చేసిందనుకుని తన ఒంటి మీద చర్మం ఇస్తానంది. నేను తన ఫొటో ఇలా వాడుకున్నాను" అన్నావు. తర్వాత ముక్కు చీదిన చప్పుడొచ్చింది.

బ్యాంకమ్మ ఫోన్ మీద చెయ్యి మూసి నా వైపు చూసింది. "ఏడుస్తోంది టీచర్. తిట్టనా, వద్దా?"

"పెట్టెయ్" అన్నాను.

తిట్లన్నీ వృథా అయ్యాయని ఆవిడ కాసేపు గొణుక్కుంది. ఆ తర్వాత, "మీ అక్కకి నీళ్లంటే భయమా?" అని అడిగింది. భయమేనన్నాను. "అయితే గోడ దగ్గర నా పక్కన చోటుంది" అంది. ఆవిడ నిన్ను క్షమించిందని అనుకోకు. పక్కన పెట్టుకుని రోజూ తిట్టాలని ఉద్దేశం.

నెలాఖరు అయిపోయింది కదా. ఆ గది అద్దెకి పెట్టుకుని ఒక్కదానివీ ఏం చేస్తావు? టికెట్ కొనుక్కో. స్టేషన్‌కి రాలేను, పొద్దున్నే క్లాసు. ఇంటి తాళం పక్కింట్లో ఇచ్చి ఉంచుతాను. నీకు ముందు గది. మంచం కొంచెం కిర్రుమంటుంది, పట్టించుకోకు.

ఇది క్షమించడమో కాదో నాకు తెలియదు. నువ్వు వచ్చాక నీ ముఖం చూసి తేల్చుకుంటాను.

ఒక్కటి గుర్తుపెట్టుకో. నా ఇంట్లో ఉన్నంతకాలం నా వైపు ఫోన్ ఎత్తితే, అది వేళ చూసుకోవడానికైనా సరే, నిన్ను గుమ్మం బయటే నిలబెడతాను.

నీ చెల్లి